ఒక జడకే రిబ్బను

చిరంజీవి డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి బాగా తెల్లవారింది. కట్నీ నుంచి ఖాళీ వ్యాగన్ల బండి తెచ్చి యార్డులో అప్పగించి, స్నానం చేసి, తల్లి వేసిన అట్లు తిని, మాటా పలుకూ లేకుండా పడకగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. ఆ వెంటనే అచ్చియమ్మ కొంగుకు చేతులు తుడుచుకుని, గుమ్మం పక్క మేకుకు ఎర్ర తువ్వాలు తగిలించింది.

ఆ తువ్వాలు పడిందంటే ఆ రైల్వే క్వార్టర్లో అందరూ మూగవాళ్ళే. కుక్కర్ పెట్టరు. మిక్సీ ముట్టుకోరు. కొళాయి సన్నగా తిప్పుకుంటారు. ప్రసూన గాజులు మోచేతి దాకా తోసుకుని అంట్లు తోముతుంది. విచిత్రం ఏమిటంటే, పెరటిగోడ అవతల గూడ్సు బండ్లు ఇల్లంతా అదిరేలా పోతున్నా చిరంజీవి కదలడు. వంటింట్లో చెంచా జారితే మాత్రం లేచి కూర్చుంటాడు.

ఈ పద్ధతి అచ్చియమ్మకు అత్తగారి నుంచి వచ్చింది. విజయనగరం దగ్గరి పల్లె నుంచి పెళ్ళై బిలాస్‌పూర్ వచ్చిన వారంలోనే, రైలు డ్రైవరు నిద్ర ఇంటిల్లిపాదీ పూచీ అని ఆవిడ నేర్పింది. పోయిన తన భర్త జగన్నాథం నిద్రను అచ్చియమ్మ అలాగే కాపాడింది. ఇప్పుడు కొడుకు నిద్రను కాపాడుతోంది. లైను మీద ఎర్రజెండా ఉంటే బండి ఆగాలి, గుమ్మం మీద ఎర్రగుడ్డ ఉంటే నోరు ఆగాలి. అంతకు మించి ఆమెకు వేరే శాస్త్రం తెలియదు.

వరండాలో పీట మీద తేజస్వి కూర్చుంది. రెండో తరగతి పిల్ల. ప్రసూన వెనక కూర్చుని జడలు వేస్తోంది. బడి నియమం ప్రకారం రెండు జడలు మడిచి రెండింటికీ ఎర్ర రిబ్బన్లు కట్టాలి. డబ్బాలో చూస్తే ఒక్కటే కనిపించింది.

"నిన్నటి రెండో రిబ్బన్ ఏదే?" గొంతు తగ్గించి అడిగింది ప్రసూన.

తేజస్వి భుజాలు ఎగరేసింది.

"మొన్నా అంతే. అంతకు ముందూ అంతే. కుడి జడ కట్టినట్టే ఉంటుంది, ఎడమ జడ ఊడిపోయి వస్తావు. ఎవరు లాగుతున్నారు?"

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"నోటితో చెప్పు తేజూ. ఎవరైనా నీ జుట్టు పట్టుకుంటున్నారా?"

తేజస్వి తువ్వాలు వైపు చూసి, పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"ఒగ్గీయే దాన్ని," అంది అచ్చియమ్మ వంటింటి గుమ్మంలోంచి. గాలి తప్ప గొంతు లేదు ఆ మాటలో. "ఎర్రగుడ్డ ఏసున్నాది, కనబడలేదేటి? నీకన్నా ఈ చిన్న గుంట నయం."

ప్రసూన పాత పెట్టె వెతికి ఇంకో రిబ్బన్ తెచ్చి కట్టింది. కానీ అనుమానం వచ్చాక ఊరుకునే మనిషి కాదు ఆమె. పాలల్లో నీళ్ళు కలుస్తున్నాయని ఒకసారి అనుమానం వచ్చి, పాలవాడి వెనకాలే లింగియాడీహ్‌లోని అతని కొట్టం దాకా వెళ్ళి గేదెను చూసి వచ్చింది. ఆ గేదె పాలే పలచన అని కళ్ళారా చూశాక కూడా పాలవాణ్ణి పూర్తిగా నమ్మలేదు. అలాంటి మనిషి కూతురి జడ విషయంలో ఊరుకుంటుందా. ఆ మధ్య ఫోనులో చదివిన భయంకరమైన వార్తలన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి.

బడి నిజానికి రైలు లైన్లకు అవతలే ఉంది. ప్రార్థన గంట కొడితే పెరట్లో వినబడుతుంది. మధ్యలో నడక వంతెన ఉంది గానీ అది ఇంజన్ల షెడ్డు వైపు దిగుతుంది. బడికి వెళ్ళాలంటే రోడ్డు మీద చుట్టూ తిరిగి వెళ్ళాలి. అందుకని కాలనీలో చాలామంది పిల్లల్లాగే తేజస్వి కూడా పోలయ్య ఆటోలో వెళ్తుంది.

పోలయ్య. ప్రసూన ఆలోచన అక్కడ ఆగింది. పిల్లలను ఎత్తి ఆటోలో కూర్చోబెడతాడు. సంచులు సర్దుతాడు. తేజస్వి అతని పక్కనే, అతని సీటుకు ఆనుకుని కూర్చుంటుంది. ఎందుకు ఎప్పుడూ అక్కడే కూర్చుంటుంది?

ఆ మధ్యాహ్నం ఆటో రాకముందే ప్రసూన గేటు వెనక మందారం చెట్టు చాటున నిలబడింది. ఆటో ఆగింది. పోలయ్య దిగి తేజస్విని దింపాడు. ఊడిన ఎడమ జడను వేళ్ళతో సరిచేసి చెవి వెనక్కి తోశాడు. అంతే, ప్రసూన చెట్టు చాటు నుంచి బయటికి దూకింది.

"చెయ్యి తియ్యి! పిల్ల మీద నుంచి చెయ్యి తియ్యి!"

పోలయ్య ఉలిక్కిపడ్డాడు. "ఏటమ్మా? ఏటయినాది?"

"రోజూ ఒక రిబ్బన్ ఏమవుతోంది బాబాయ్? నా పిల్ల రోజూ జడ ఊడిపోయి ఎందుకు వస్తోంది? నవ్వుతూ తుళ్ళుతూ ఉండే పిల్ల ఎందుకు నోరు విప్పడం లేదు? నీకు తెలియకుండా ఉంటుందా?"

చుట్టుపక్కల క్వార్టర్ల తలుపులు తెరుచుకున్నాయి. ఆటోలో మిగిలిన పిల్లలు బిక్కమొహాలు వేసుకుని చూస్తున్నారు. పోలయ్య తెల్లబడిన మీసం తుడుచుకున్నాడు.

"బడి గేటు కాడికి వచ్చినప్పుడే జడ ఊడిపోయుంటాది తల్లీ. నేను అడుగుతూనే ఉన్నాను, గుంట మాటాడదు. మిగతా గుంటలు అల్లరి సేస్తే భయపడతాదని నా పక్కన కూకోబెట్టుకుంటన్నాను." అతను ఆటో ఎక్కి కూర్చున్నాడు. "నీ మొగుణ్ణి కూడా చిన్నప్పుడు నా రిక్షాలోనే బడికి దింపినాను. నువ్వన్న మాట నాకు అర్థమైంది. రేపటి నుంచి వేరే ఆటో చూసుకో."

అతను వెళ్ళిపోయాడు. ఈ గోలంతటిలో తేజస్వి ఏడవలేదు, మాట్లాడలేదు. రెండు చేతులతో తల్లి నోరు అందుకోవాలని ఎగురుతోంది. ప్రసూన అది గమనించలేదు. గమనించి ఉంటే కథ అక్కడే ముగిసేది.

మర్నాడు చిరంజీవి రాయగఢ్ బండి మీద వెళ్ళాడు. ప్రసూన పిల్లను తనే బడికి తీసుకెళ్ళింది. అప్పగించి తిరిగి వస్తుంటే వెనక నుంచి ఎవరో పిలిచారు. తేజస్వి క్లాస్ టీచర్ భానుప్రియ. వాళ్ళదీ తెలుగు కుటుంబమే, ఉస్లాపూర్‌లో ఉంటారు.

"మీతో మాట్లాడాలనుకుంటున్నానండీ. తేజస్వి నాన్నగారు కూడా వస్తే బాగుండేది," అందామె. స్టాఫ్ రూములో కుర్చీ చూపించి, తలుపు దగ్గరగా వేసింది.

"తేజస్వి బాత్రూముకు వెళ్తానని కూడా అడగదు. మొన్న తరగతిలోనే ఫ్రాక్ తడిసిపోయింది. ఇంట్లో చెప్పిందా?"

చెప్పలేదు. ఆ రోజు ఫ్రాక్ ఎందుకు తడిసిందని అడిగితే తేజస్వి నీళ్ళ సీసా చూపించింది. ప్రసూన నమ్మింది. ప్రపంచంలో అందరినీ అనుమానించిన మనిషి ఆ ఒక్కటీ నమ్మింది.

"ఆగస్టు పదిహేను పాటకు ప్రాక్టీసు మొదలైనప్పుడు ముందు వరసలో నిలబడి అందరికంటే గట్టిగా పాడిన పిల్ల తను. పండగ రోజుకి వెనక వరసలోకి వెళ్ళి పెదవులు మాత్రం కదిపింది. ఇప్పుడు అది కూడా లేదు. పిల్లలు చప్పట్లు కొడితే చెవులు మూసుకుని కిటికీ వైపు చూస్తుంది. ఆ కిటికీలోంచి మీ కాలనీ కనబడుతుంది." భానుప్రియ సొరుగు లాగి గుప్పెడు ఎర్ర రిబ్బన్లు బల్ల మీద పెట్టింది. "ఇవి మీవేనా?"

ప్రసూన వాటిని గుర్తుపట్టింది. ఒక్కోదాన్ని తను కత్తిరించి, చివర దీపం మీద కాల్చి ముడిచింది.

"ఎక్కడివి ఇవి?"

"మా తరగతి తలుపు గొళ్ళేనికి కట్టి ఉంటున్నాయి. ఎవరో అల్లరి పిల్లలు కడుతున్నారనుకున్నాను. నిన్న నేనే చూశాను. ప్రార్థన అయ్యాక అందరూ లోపలికి వెళ్ళాక, తేజస్వి మునివేళ్ళ మీద నిలబడి జడ విప్పి కడుతోంది. ఎందుకమ్మా అంటే జవాబు లేదు." "ఏమీ అనుకోకండి. ఇంట్లో ఎవరైనా భయపెడుతున్నారా?"

"మా ఇంట్లో ఎవరూ పిల్ల మీద చెయ్యి ఎత్తరు!"

"చెయ్యి ఎత్తడం గురించి నేను అడగలేదండీ. లెక్కలు రాకపోతే నేను నేర్పగలను. చదవడం రాకపోతే నేర్పగలను. భయం ఎక్కడ నేర్చుకుందో తెలియకపోతే నేను ఏం చేయను? మా ప్రిన్సిపాల్ సార్ ఈ పిల్లకు మా బడి సరిపోదేమో, వేరే బడి చూసుకోమని చెప్పండి అంటున్నారు. ఈ ఏడాది ఆగమని బతిమాలి ఒప్పించాను."

టీచర్ కళ్ళల్లో ఉన్నది ఏమిటో ప్రసూనకు బాగా తెలుసు. నిన్న పోలయ్యను తను చూసిన చూపు అదే. రిబ్బన్లు పిడికిట్లో పట్టుకుని లేచి వచ్చేసింది.

దారి పొడవునా ఆమె బుర్ర తిరుగుతూనే ఉంది. పోలయ్య కాదు. బడిలో పిల్లలు కాదు. మరి ఎవరు? పిల్లను బడికి పంపని వేళల్లో ఎవరి దగ్గర ఉంటుంది? ఎవరు రోజంతా "ష్... ష్..." అంటూ వెంట తిరుగుతారు? ఇంటికి వచ్చి, అత్తగారు బజారుకు వెళ్తూ వేసిన తాళం తీసి లోపల అడుగుపెట్టింది. ఎదురుగా పడకగది గుమ్మం పక్కన ఖాళీ మేకు. పిడికిలి విప్పి రిబ్బన్ల వైపు చూసింది. ఎరుపు. గొళ్ళెం. తలుపు.

తన పిల్ల బడి తలుపుకు కూడా తువ్వాలు వేస్తోంది.

చిరంజీవి ఆ మర్నాడు పొద్దున్న వచ్చాడు. ఆదివారం, బడి లేదు. మామూలుగానే తిని పడుకున్నాడు. అచ్చియమ్మ మామూలుగానే తువ్వాలు తగిలించింది. ప్రసూన వచ్చి, దాన్ని మేకు మీద నుంచి లాగి నేల మీద పడేసింది.

అచ్చియమ్మ వంగి తీయబోయింది.

"ముట్టుకోకండి అత్తయ్యా." ప్రసూన గొంతు మామూలు గొంతే. కానీ ఆ ఇంట్లో, ఆ వేళప్పుడు, అది పిడుగు పడ్డట్టు వినిపించింది. "నా పిల్లకు ఏం చెప్పారు?"

"మెల్లగా మాటాడే! ఆడు పడుకున్నాడు..."

"నా పిల్లకు ఏం చెప్పి భయపెట్టారు? బడి తలుపుకు రిబ్బన్లు కడుతోంది. తరగతిలో ఫ్రాక్ తడుపుకుంటోంది. టీచరు నన్ను దొంగను చూసినట్టు చూసింది. ఇంట్లో మీరు కాక ఇంకెవరున్నారు దాని నోరు నొక్కడానికి?"

పడకగది తలుపు తెరుచుకుంది. నలిగిన లుంగీతో, ఎర్రటి కళ్ళతో చిరంజీవి నిలబడ్డాడు.

"ఏటి గోల? అరే, ఏటయింది మీకు?"

"అడుగు నీ పెళ్ళాన్ని," అంది అచ్చియమ్మ కళ్ళనీళ్ళతో. "నాను గుంట నోరు నొక్కీసినానంట."

"అచ్ఛా! ఇప్పుడు అమ్మ వంతు వచ్చిందా?" చిరంజీవి ప్రసూన వైపు తిరిగాడు. "మొన్న పోలయ్య బాబాయ్. డ్యూటీ లాబీలో అందరూ నన్ను అడుగుతుంటే తల ఎత్తుకోలేకపోయాను. రేపు ఎవరు? నేనా?"

"మీరే!" అంది ప్రసూన. ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. "మీరు కూడా! ఆగస్టు నుంచి మీరు ఈ ఇంట్లో ఏం మాట్లాడారు? తినేశాను, వెళ్తున్నాను, వచ్చాను. పిల్లతో అన్న మాట ఒక్కటి చెప్పండి. పోనీ, నాతో అన్నది ఒక్కటి చెప్పండి!"

"నా మొగుడికి ముప్పై ఏళ్ళు ఇలగే కాపలా కాసినాను," అంది అచ్చియమ్మ. ఆమెకు కూడా కోపం ముదిరింది. "ఏ బండీ పడిపోలేదు. ఎవుళ్ళకీ ఏటీ కాలేదు. నా కొడుకు ఈ ఇంట్లోనే పెరిగినాడు. మూగోడైపోనాడేటి?"

"అవలేదా అత్తయ్యా? ఆయన గట్టిగా నవ్వడం మీరెప్పుడైనా విన్నారా?"

అచ్చియమ్మ కొడుకు మొహం వైపు చూసింది.

అప్పుడే తేజస్వి వరండాలోంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. నేల మీది తువ్వాలు తీసి మేకుకు తగిలించబోయింది, అందలేదు. ఎగిరింది, అందలేదు. తువ్వాలు వదిలేసి తల్లి నడుం పట్టుకుని, ఒక చెయ్యి పైకి చాపి నోరు మూయబోయింది. కొన్ని నెలల తర్వాత ఆ పిల్ల నోటి నుంచి ఒక పూర్తి మాట వచ్చింది, అదీ గుసగుసగానే.

"అరవకమ్మా... నాన్న నిద్ర చెడితే మళ్ళీ మనిషి చచ్చిపోతాడు."

పెరటిగోడ అవతల ఒక బండి పోతోంది. అది పూర్తిగా పోయేదాకా ముగ్గురూ అలాగే నిలబడ్డారు.

"ఏ మనిషి తల్లీ?" చిరంజీవి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అడుగుతున్నాడే గాని అతనికి అప్పటికే తెలిసిపోయింది.

తేజస్వి తలుపు వైపు చూసి, అందరి వైపు చూసి, ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఆగస్టు పాట నేర్చుకుంటూ పెరట్లో గట్టిగా పాడింది. నాన్న లేచి కూర్చున్నాడు. మామ్మ వచ్చి, నిద్ర చెడగొట్టావు, ఇంజన్ మీద కునుకు పడితే మనుషులు చచ్చిపోతారు తెలుసా అంది. నాన్న డ్యూటీకి వెళ్ళాడు. తిరిగి వచ్చిన రాత్రి తలుపు వెనక అమ్మతో ఏడుస్తూ చెప్పాడు, ఒక మనిషి నా బండి కింద పడి పోయాడని.

"నేను పాడాను కదా," అంది తేజస్వి. "బడి గంట మనింటికి వినిపిస్తుంది కదా. మా క్లాసులో అందరూ అరుస్తారు. అది కూడా వినిపిస్తుంది. అందుకే కట్టాను. వాళ్ళకు ఎర్రది అంటే తెలీదు. కట్టినా అరుస్తారు."

అచ్చియమ్మ గోడకు జారబడి కూర్చుండిపోయింది. "ఏదో పిల్ల ఊరుకుంటాదని అనీసినాను రా," అంది. "మా అత్త నాకూ ఇలగే సెప్పింది. నీకూ ఇలగే సెప్పినాను. మాటవరసకి అనీసినాను, బాబూ..."

ప్రసూన ఆమెను ఏమీ అనలేకపోయింది. ఆ రాత్రి భర్త ఏడ్చినప్పుడు పక్కనే ఉన్నది తను. తలుపు అవతల పిల్ల మెలకువగా ఉందేమో అన్న అనుమానం ఒక్కటి మాత్రం తనకు రాలేదు. ఈ మూడు రోజులూ ఊరంతా వెతికింది. తాను వెతకాల్సిన చోటు ఆ తలుపు వెనకే ఉంది.

చిరంజీవి చాలాసేపు పిల్లను గుండెకు హత్తుకుని కూర్చున్నాడు. తర్వాత ఫోను తీసి, తేజస్వికి కూడా వినిపించేలా స్పీకరు పెట్టి, డ్యూటీలు వేసే లాబీకి చేశాడు.

"నేను చిరంజీవి. నాకు నిద్ర చాలలేదు. ఈ రోజు బండి తీసుకెళ్ళలేను. ఇంకొకరిని పిలవండి."

అవతల నుంచి ఎవరో హిందీలో రెండు మాటలు సణిగి, సరేనన్నారు.

"విన్నావా తేజూ? నిద్ర చాలకపోతే నేను చెప్పేస్తాను. చెప్పకుండా బండి ఎక్కను. ఆ మనిషి పోయిన రోజు నేను అలా చెప్పలేదంటే ఏటి అర్థం?"

"నిద్ర చాలిందనా?" అంది తేజస్వి అనుమానంగా. తల్లి పోలికే.

"చాలింది."

పిల్ల నమ్మినట్టు కనిపించలేదు. మూడు నెలల భయం ఒక ఫోనుతో పోతుందా.

మధ్యాహ్నం ప్రసూన ఆటో స్టాండుకు వెళ్ళింది. పోలయ్య ఆటోలో వెనక సీటులో కూర్చుని భోజనం చేస్తున్నాడు. అక్కడ ఉన్నవాళ్ళందరి ముందూ, తను అన్న మాట తప్పని, తన కళ్ళే తప్పుగా చూశాయని చెప్పింది. పోలయ్య తినడం ఆపలేదు, తలెత్తలేదు. ఆమె ఏడుస్తూ తిరిగి నాలుగడుగులు వేశాక అన్నాడు.

"రేపు ఎప్పటిలాగే వస్తాను. గుంట కోసం. నీతో మాటాడతానో లేదో తరవాత సూద్దాం."

సాయంత్రం చిరంజీవి తేజస్వి చెయ్యి పట్టుకుని నడక వంతెన ఎక్కాడు. ఒక వైపు తమ క్వార్టర్ల పెరళ్ళు, ఒక వైపు బడి గోడ, మధ్యలో లెక్కలేనన్ని పట్టాలు. దూరంగా స్తంభాల మీద సిగ్నల్ దీపాలు. చలికాలపు ఎండ అప్పుడే తగ్గుతోంది.

"ఇంజన్‌లో మేం ఇద్దరం ఉంటాం. నేనూ, నా అసిస్టెంటూ," అన్నాడు చిరంజీవి. "సిగ్నల్ కనబడగానే ఏం చేస్తామో తెలుసా? చెయ్యి చాపి గట్టిగా పలుకుతాం. నేను గ్రీన్ అంటే, వాడు కూడా చూసి గ్రీన్ అనాలి. ఒకడు పలికి రెండోవాడు పలకలేదంటే, ఏదో తేడా వచ్చిందన్నమాట."

"రాత్రి కూడానా?"

"రాత్రి ఇంకా గట్టిగా. ఇంజన్ మీద ఎవరైనా నోరు మూసుకున్నారంటేనే నాకు భయం. ఇంట్లో నిద్రకు చప్పుడు ఉండకూడదు, నిజమే. కానీ బండిని కాపాడేది నోరే తేజూ."

తేజస్వి పట్టాల వైపు చూస్తోంది.

"ఆ రోజు నేను మెలకువగానే ఉన్నాను," అన్నాడు చిరంజీవి. ఈ మాట ఆఫీసులో రాసి ఇచ్చాడు, అధికారులకు చెప్పాడు. ఇంట్లో చెప్పడం ఇదే మొదలు. "దూరం నుంచే చూశాను. హారన్ కొట్టాను. బ్రేకు వేశాను. బరువు బండి వెంటనే ఆగదమ్మా. అతను పట్టాల మీదికి వచ్చేశాడు. అది నీ పాట వల్ల కాదు. నా నిద్ర వల్ల కూడా కాదు."

"మరి నువ్వెందుకు ఏడ్చావు?"

"బాధేసింది. ఇప్పటికీ వేస్తుంది. కళ్ళు మూసుకుంటే అతని చొక్కా కనబడుతుంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

చిరంజీవికి తండ్రి గుర్తొచ్చాడు. జగన్నాథం కూడా ఏనాడూ ఇంట్లో ఏదీ చెప్పలేదు. తిని, పడుకుని, లేచి వెళ్ళేవాడు. ఆయన ఎన్ని చూశాడో ఎవరికీ తెలియదు.

"నాకు చెప్పడం రాలేదు," అన్నాడు. "ఎవరూ నేర్పలేదు. నువ్వూ నేనూ కలిసి నేర్చుకుందామా?"

తేజస్వి అవునని గాని కాదని గాని అనలేదు. తండ్రి చేతిలోని తన చెయ్యి మాత్రం లాక్కోలేదు.

అటు పెరట్లో ప్రసూన ఆరిన బట్టలు తీస్తోంది. అచ్చియమ్మ ఎర్ర తువ్వాలు ఉతికి తీగ మీద వేస్తోంది. పొద్దుటి నుంచి అత్తాకోడళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. కానీ ప్రసూన వంగి క్లిప్పులు అందిస్తే అచ్చియమ్మ తీసుకుంది. ఇద్దరి కళ్ళూ వంతెన మీదే ఉన్నాయి. అక్కడ చిన్నగా ఒక పెద్ద మనిషీ, ఒక రెండు జడల పిల్లా కనిపిస్తున్నారు. రెండు జడలకూ రిబ్బన్లున్నాయి.

"గ్రీన్!" చిరంజీవి గొంతు లైన్ల మీదుగా వచ్చింది. అతను చెయ్యి ముందుకు చాపి ఉన్నాడు.

తర్వాత ఏమీ వినిపించలేదు.

"గ్రీన్!" మళ్ళీ అతని గొంతు. మళ్ళీ ఏమీ లేదు.

"పలకడం లేదు," అంది ప్రసూన. "అత్తయ్యా, అది పలకడం లేదు."

చిరంజీవి వంగి పిల్లతో ఏదో అన్నాడు. నిటారుగా నిలబడి, ఈసారి ఇంకా గట్టిగా పలికాడు. ఒక క్షణం అలాగే గడిచింది. అప్పుడు చిన్న చెయ్యి ఒకటి కటకటాల మీదుగా ముందుకు చాపుకుంది.

"గ్రీన్!"

సన్నటి గొంతు, బొంగురుపోయిన గొంతు, వాడక తుప్పు పట్టిన గొంతు. అయినా పట్టాలన్నీ దాటి పెరట్లోకి వచ్చింది. ప్రసూన చేతిలోని బట్టలు జారిపోయాయి.

అచ్చియమ్మ చెయ్యి తనకు తెలియకుండానే పైకి లేచింది. చూపుడు వేలు పెదవుల దాకా వెళ్ళింది. ఏళ్ళ తరబడి అలవాటు పడ్డ వేలు. "ష్" అనబోయి, ఆమె ఆగిపోయింది. ఆ వేలిని పిడికిట్లో ముడుచుకుంది. వెళ్ళి పెరటిగోడ పట్టుకుని, కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ ఇంట్లో ఎన్నడూ ఎత్తని గొంతు ఎత్తి అరిచింది.

"వినబడలేదే గుంటా! ఇంకా గట్టిగా! ఇంకా గట్టిగా పలుకే, నా తల్లీ!"